ఆరడుగుల వైరు

బేరిగై
6 అక్టోబర్ 2025

తమ్ముడు శేషప్పకు అక్క దీవెనలు. పరిమళకు కూడా.

మేమంతా క్షేమం. ఆవు ఈనింది, పెయ్యదూడ.

ఈసారి నాయన తిథి డిసెంబర్ పదో తేదీ, బుధవారం. పురోహితుడికి చెప్పాను. ఎప్పటిలాగే భోజనాలయ్యాక నాయన హరికథ వీడియో టీవీలో పెడతాం. రెండేళ్లుగా స్తంభం దగ్గర నీ చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు.

నిన్నొక సంగతి అడగాలి. యోగేష్ పాత టీవీ తీసేసి గోడకు తగిలించే కొత్తది తెచ్చాడు. బొమ్మ బాగుంది, గొంతే సన్నం. నాయన ఆంప్లిఫయరూ రెండు స్పీకర్ బాక్సులూ తుడిచి దాచి ఉంచాను గానీ, వాటి ఎరుపు, తెలుపు వైర్లు పెట్టడానికి ఈ టీవీకి చోటే లేదు.

ఇంకొకటి. మన ఇంట్లో ఒకరికి చెవి సరిగా వినబడదు. అందరూ బాక్సుల్లో మామూలుగా వినాలి. ఆ ఒక్కరు మాత్రం విడిగా, తమకు ఎంత శబ్దం కావాలో అంత పెట్టుకుని వినాలి. అట్లా కుదురుతుందా? టీవీల సంగతి నీకు తెలిసినట్లు ఎవరికీ తెలియదు.

దీపం పెట్టే వేళయింది.

మంజులమ్మ


హోసూరు
10 అక్టోబర్ 2025

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం నిన్న అందింది. ఈ వీధి మొత్తానికి చేత్తో రాసిన ఉత్తరాలు వచ్చే ఇల్లు మాదొక్కటేనని పోస్ట్‌మన్ ఎత్తిపొడిచాడట. ఏం చేస్తాం. ఫోన్‌లో నీ మాట నాకు వినబడదు, ఫోన్‌లో రాయడం నీకు రాదు. నీ పెళ్ళైన కొత్తలో నా చేతిరాత బాగుపడాలని నాయన వారానికో ఉత్తరం నీకు రాయించేవాడు. చెవి పోయాక ఆ అలవాటే మళ్ళీ అక్కరకొచ్చింది.

బావకు వినబడడం లేదా? నువ్వు పేరు రాయలేదు గానీ ఇంట్లో ఉండేది ముగ్గురే. నీకేమీ లేదు, యోగేష్ కుర్రవాడు. సంతలో గిట్టల చప్పుడు విని, ఎద్దు ఏ కాలు కుంటుతుందో తల తిప్పకుండా చెప్పే మనిషి ఆయన. నేనంటే ఇరవై రెండేళ్లు ప్రెస్ షాపులో రేకులు కొట్టే మిషన్ల మధ్య ఉండి పోగొట్టుకున్నాను. పొలంలో ఉన్న మనిషికి ఎందుకొచ్చింది?

పని నేను చేసిపెడతాను. టీవీ వెనక ఏమేం రంధ్రాలు ఉన్నాయో చూసి రాయి.

తిథికి మాత్రం రాను. కోపం తెచ్చుకోకు. చివరిసారి వచ్చినప్పుడు ఏం జరిగిందో నీకు తెలుసు. నేను తొడ మీద తాళం వేస్తున్నాను. పదిహేనేళ్లు నాయన వెనక మృదంగం వాయించిన చేయి ఇది. అందరి చేతులూ ఒకచోట పడుతున్నాయి, నాది ఇంకోచోట. యోగేష్ ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారని నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక పరిమళ కాగితం మీద రాసి చూపింది. ‘మామ తాళం బస్సు దిగి నడిచొస్తా ఉంది’ అన్నాడట. మేనల్లుడికి ఆ మాత్రం హక్కుంది. కానీ అక్కా, ఏమన్నారో తెలియకుండా నన్ను చూసి నేనే నవ్వుకున్నాను.

ఇంట్లో ఆ హరికథ ఒక్కడినే చూస్తూ ఉంటాను, శబ్దం లేకుండా. ఉద్దనపల్లిలో వానల కోసం చెప్పించిన కథ. నడుమ ఒకచోట నాయన గజ్జెల కాలు ఆపి, నా వైపు తిరిగి ఏదో అంటాడు. పెదవులు కదలడం కనిపిస్తుంది. ఏమన్నాడో మరచిపోయాను. పరిమళను అడగడానికి మొహమాటం. నీకు గుర్తుంటే రాయి.

నీ తమ్ముడు
శేషప్ప


బేరిగై
15 అక్టోబర్ 2025

శేషాకు,

పూజ అయ్యాక టార్చి వేసి చూశాను. ఆంటెన్నాది ఒకటి. వెడల్పుగా పలుచగా ఉన్నవి రెండు, ఒకదాంట్లో కేబుల్ డబ్బా వైరు ఉంది. పెన్ డ్రైవ్ పెట్టేది ఒకటి. గుండ్రటి చిన్నది ఒకటి, పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ. చివర చదరంగా, చిన్న తలుపుతో ఒకటి. అగ్గిపుల్లతో తలుపు నెట్టితే లోపల ఎర్రగా వెలుగుతోంది. గర్భగుడిలో దీపాన్ని దూరం నుంచి చూసినట్టుంది. చేయి తీసేశాను.

మీ బావ బాగానే ఉన్నారు. దిగులు పడకు.

ఏమన్నాడో తెలియకుండా నవ్వావన్న సంగతి నాకిప్పుడే తెలిసింది. నువ్వు సరదాగా తీసుకున్నావనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

నాయన నీతో ఏమన్నారో నాకు బాగా గుర్తుంది. రాయను. వచ్చి విను.

అక్క


హోసూరు
21 అక్టోబర్ 2025

అక్కకు,

దీపావళి బాగా జరిగిందనుకుంటాను. ఈ పండుగకు నా అంత హాయిగా నిద్రపోయినవాడు హోసూరులో ఉండడు.

నువ్వు చూసి దండం పెట్టుకున్న ఎర్ర వెలుగే మనకు కావలసింది. (పెట్టుకునే ఉంటావు, రాయలేదంతే.) కొత్త టీవీల్లో శబ్దం ఆ వెలుగులో బయటికి పోతుంది. దానికి ఆప్టికల్ కేబుల్ అని వేరే తీగ ఉంటుంది. హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్న రంధ్రం జోలికి మాత్రం పోవద్దు. అందులో పెడితే టీవీ గొంతు మూసుకుంటుంది. బావ ఒక్కడే వింటాడు, మిగతావాళ్ళు నాలాగా బొమ్మ చూస్తూ కూర్చోవాలి.

కాబట్టి వెలుగు నుంచి ఒక చిన్న డబ్బాకు పోదాం. ఆ డబ్బా వెలుగును మళ్ళీ శబ్దం చేస్తుంది. దాని నుంచి రెండు దారులు. ఒకటి ఎరుపు, తెలుపు వైర్లతో నాయన ఆంప్లిఫయర్‌కు. రెండోది హెడ్‌ఫోన్‌కు. ఆ రెండో దారిలో నేను ఒక చిన్న ఆంప్లిఫయర్ కట్టి, తిప్పే గుండీ పెడతాను. బావ దాన్ని ఎంత తిప్పుకున్నా బాక్సుల్లో శబ్దం పెరగదు. చెవి మిషన్ కొనమని ఎవరైనా అంటే, దీనికి అది పనికిరాదని చెప్పు. నా దగ్గర ఒకటుంది. జనంలో అది గిన్నెల చప్పుడే పెద్దది చేస్తుంది. ఇది అట్లా కాదు, కథ ఒక్కటే చెవిలోకి వస్తుంది.

ఇక కింద రాసింది బావకు చదివి వినిపించు. దగ్గర కూర్చుని, గట్టిగా.

బావకు. చెవి పోవడం మనం చేసిన తప్పు కాదు. మొదట్లో తప్పు చేసినట్టే ఉంటుంది. వినబడనప్పుడు వినబడలేదని చెప్పు. తల ఊపవద్దు. నవ్వు రాకపోతే నవ్వవద్దు, అది అన్నిటికంటే చెడ్డది. నలుగురిలో చెవికి ఏదో తగిలించుకోవడానికి సిగ్గుపడతావు. కళ్ళద్దాలకు సిగ్గుపడ్డామా? ముఖ్యంగా, లేచి పోయి దూరంగా కూర్చోవద్దు. నీకు వినబడక పోయావని ఎవరూ అనుకోరు. నీకు వాళ్ళు అక్కర్లేదనుకుంటారు. నీ చోట్లో నువ్వు కూర్చో. మిగతాది వైరు చూసుకుంటుంది.

శేషప్ప


బేరిగై
27 అక్టోబర్ 2025

శేషాకు దీవెనలు.

కాగితం మీ బావకు చదివి వినిపించాను. మెల్లగానే చదివాను. మొత్తం విన్నారు. దాన్ని దేవుడి గదిలో పెట్టెలో పెట్టాను.

మొన్న పరిమళ ఫోన్ చేసి మీ బావతో మాట్లాడింది. ‘అన్నా, బాగుండారా’ అని ఆమె అరిచిన అరుపు పాక దగ్గరున్న నాకు వినబడింది. ఆయన ఫోన్ పెట్టేసి, ‘నేనేం తప్పు చేసినానని పరిమళ నన్ను ఇట్ల గదమాయిస్తా ఉంది?’ అని అడిగారు. పొద్దుపోయేదాకా ఆలోచిస్తూనే ఉన్నారు.

యోగేష్ జీతం రాగానే వైరు లేని హెడ్‌ఫోన్ కొనుక్కొచ్చాడు. అది సరిపోతుందేమో రాయి.

అక్క


హోసూరు
5 నవంబర్ 2025

అక్కకు నమస్కారం.

పరిమళ అంత అరిచినా బావకు మాట తెలియక, తిట్టిందనుకున్నాడా? పాపం. హెడ్‌ఫోన్ దారిలో ఆంప్లిఫయర్ ఇంకొంచెం బలమైనది వేశాను.

యోగేష్ కొన్నది వద్దు. వైరు లేనిదాంట్లో శబ్దం కాస్త వెనకబడి వస్తుంది. చేయి మృదంగం మీద పడడం కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినబడుతుంది. మాటలకు ఫరవాలేదు గానీ తాళం కలవదు. తాళం కలవకపోతే పెట్టుకుని ఏం లాభం?

పని అయింది. నాకు వినబడదు కాబట్టి వేళ్ళతో చూశాను. ఇక్కడ వీధిలోవాళ్ళ టీవీలు బాగుచేసేదీ అట్లాగే. స్పీకర్ అట్ట మీద రెండు వేళ్ళు ఆనిస్తే నాయన గొంతు ఒక రకంగా కదులుతుంది, మృదంగం ఒక రకంగా. ఎడమ చేతి దెబ్బ మణికట్టు దాకా వస్తుంది. హెడ్‌ఫోన్ పరిమళ చెవికి పెట్టి గుండీ తిప్పాను. చాలు చాలని లాగేసింది. అంటే సరిపోతుంది.

అన్నీ ఒక అట్టపెట్టెలో కట్టాను. ఆదివారం పొద్దున బేరిగై బస్సు కండక్టర్ చేతికిస్తాను. ఏ వైరు ఎక్కడో బొమ్మ గీసి పెట్టాను. పెట్టాక టీవీ సెట్టింగుల్లో శబ్దం ఆప్టికల్ అని యోగేష్‌ను మార్చమను. హెడ్‌ఫోన్ వైరు ఆరడుగులు. బావ మంచం టీవీ పక్కనే కదా.

శేషప్ప


బేరిగై
13 నవంబర్ 2025

శేషాకు,

పెట్టె క్షేమంగా అందింది. నువ్వు కట్టిన తీరు చూసి కండక్టర్, లోపల దేవుడి విగ్రహమా అని అడిగాడట. ప్రతి వైరుకూ చీటీ, ప్రతి చీటీ మీద నీ ముత్యాల అక్షరం. విప్పడానికి మనసు రాలేదు.

నీ బొమ్మ చూసి నేనే పెట్టాను. యోగేష్ సెట్టింగు మార్చాడు. టీవీ గొంతు ఆగింది. కానీ బాక్సులు పలకలేదు. హెడ్‌ఫోనూ పలకలేదు. డబ్బా మీద లైటు మాత్రం వెలుగుతోంది. మూడుసార్లు తీసి పెట్టాను.

తాళం కలవాలన్నావు. మీ బావ పెళ్ళి మేళానికి కూడా తల ఊపని మనిషి.

హెడ్‌ఫోన్ పరిమళకు పెట్టి చూశావు. నువ్వు పెట్టుకోలేదు.

అక్క


హోసూరు
17 నవంబర్ 2025

అక్కకు,

దాన్ని తిరుగు బస్సులో పంపించు.

ఇక్కడ అన్నీ పలికాయి. అంటే నా వేళ్ళు పలికాయన్నాయి, నేను నమ్మాను. బాక్సుల వైపు పరిమళ కూడా విన్నది గానీ, నన్ను నొప్పించడం ఇష్టం లేక ఊ అన్నదేమో. ఇక్కడ పరీక్షకు నా పాత ఆప్టికల్ కేబుల్ వాడాను. నీకు పంపింది కొత్తది, బాగుంటుందని. దారిలో విరిగిందో, నా చేతిపనే చెడిందో, ఇంత దూరం నుంచి ఏమని చెప్పను? నువ్వు ఫోన్ చేసి టీవీ దగ్గర పెడితే విని చెప్పగలిగే చెవులు కూడా లేవు.

మృదంగం ఎట్లాగూ పోయింది. చేతిలో ఈ పనైనా ఉందనుకున్నాను. చెవులు లేనివాడు శబ్దం పని చేయడమేమిటి? వీధిలోవాళ్ళకు కూడా ఇక చేయనని చెప్పేశాను. బావకు నా తరఫున క్షమాపణ చెప్పు. యోగేష్ ఏమన్నాడో నాకు రాయవద్దు.

శేషప్ప


బేరిగై
23 నవంబర్ 2025

శేషాకు అక్క దీవెనలు.

తప్పు నాది. మొదటి నుంచీ రాస్తాను. నాకు పెద్ద ఉత్తరం రాయడం రాదు. ఓపికగా చదువు.

నిన్న శనివారం. కుందులు తోమి, నూనె పోయబోయాను. నూనె పడలేదు. కొత్త సీసా మూత తీయకుండా వంచానని అప్పుడు చూసుకున్నాను. అట్లాగే లేచి టీవీ దగ్గరికి పోయాను. నువ్వు పంపిన కొత్త కేబుల్ రెండు కొనలకూ గాజులా కనిపించే చిన్న మూతలున్నాయి. వాటిని నేను మొదటి రోజే చూశాను. దుకాణంలోవని తెలియలేదు. అన్నిటికీ చీటీలు కట్టినవాడివి, ఇవి కూడా నువ్వే ఏదో కారణంగా వేసి ఉంటావనుకున్నాను. నువ్వు వేసింది నేనెందుకు తీయాలని మూతలతోనే పెట్టాను.

తీశాను. బాక్సులు పలికాయి.

హెడ్‌ఫోన్ నేనే పెట్టుకుని గుండీ తిప్పాను. నాయన నా పక్కన కూర్చున్నట్టు ఉంది. వెనక నీ చేయి. అరచేయి ఎక్కడ పడింది, వేళ్ళు ఎక్కడ పడ్డాయి, అన్నీ విడివిడిగా తెలిశాయి. పదహారేళ్లుగా ఈ కథ వింటున్నాను. ఎప్పుడూ నాయన కోసమే విన్నాను. నీ చేయి ఎంత గొప్పదో నిన్న తెలిసింది. ఆ చేయే, వినబడకపోయినా ఈ గుండీ కట్టింది. దేవుడి ముందు నీ పేరు చెప్పి దండం పెట్టాను. ఆ వీధిలోవాళ్ళ టీవీలు నువ్వే బాగుచేయాలి.

ఇక రెండో తప్పు. మీ బావ చెవులు బాగున్నాయి. ఇప్పటికీ గిట్టల చప్పుడు విని ఎద్దు ఏ కాలు కుంటుతుందో చెబుతారు. మన ఇంట్లో ఒకరికని రాశాను. నువ్వు మన ఇంటివాడివి కావా? బావ అని నువ్వు అనుకున్నావు, నేను కాదనలేదు. అబద్ధం రాయలేదు గానీ నిజం దాచాను. నీ కోసమని రాస్తే నువ్వు చేయవు. ఇన్నేళ్లలో నీ కోసం ఒక్క వైరు అతికించుకోలేదు.

నీ కాగితం చదివి వినిపించిన రోజు మీ బావ కళ్ళు తుడుచుకుని, ‘దీన్ని దాచిపెట్టు. రాసినోనికే కావాల్సొస్తుంది’ అన్నారు. ఆ కాగితాన్ని దీనితో పంపుతున్నాను. నీ అక్షరమే. నలుగురి ముందూ కూర్చుని చదవకు, ఒక్కడివే చదువుకో.

యోగేష్ మాట రాయవద్దన్నావు. ఈ ఒక్కటి రాస్తాను. నువ్వు తెలియక నవ్విన సంగతి వాడికి చెప్పాను. వాడు తల దించుకుని, ‘మామ నవ్వినాడు కదమ్మా. నొచ్చుకున్నాడని నాకెట్ల తెలుస్తుంది?’ అన్నాడు. జీతం రాగానే ఆ హెడ్‌ఫోన్ వాడు కొన్నది నీకోసమే. మీ బావకని కాదు.

కోపం వస్తే నా మీద తెచ్చుకో. రావడం మానకు.

మంజులమ్మ


హోసూరు
29 నవంబర్ 2025

అక్కకు నమస్కారం.

కాగితం అందింది. రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. బావ పేరు నువ్వు నిజంగానే ఎక్కడా పెట్టలేదు. ఇంత పొదుపుగా రాసే మనిషిని నమ్మకూడదని తెలిసింది.

పరిమళకు ఆ ఫోన్ రోజే తెలుసట. తాను అరిచి అడిగితే బావ, ‘ఎందుకమ్మా అట్ల అరస్తావు, పక్కనే ఉండాను కదా’ అని మెల్లగా బదులు చెప్పాడట. నాకు మాత్రం చెప్పలేదు. మీరిద్దరూ ఒకటే.

నిన్న పక్కింటివాళ్ళ టీవీ ఒకటి చూశాను. మూతలు తీసే పెట్టాను.

ఒక పొరపాటు జరిగింది. బావ మంచం అనుకుని వైరు ఆరడుగులే పెట్టాను. స్తంభం దగ్గరికి పద్నాలుగు అడుగులు ఉంటుంది. ఆరడుగులతో అయితే నేను టీవీ కిందే కూర్చోవాలి. పెద్ద వైరు అతికించి చుట్టి పెట్టుకున్నాను. తొమ్మిదో తేదీ సాయంత్రం బస్సుకు తెస్తాను. ఎవరి కాలికీ తగలకుండా గోడ వెంట చిన్న మేకులు కొట్టి ఉంచమని యోగేష్‌కు చెప్పు. వాడి హెడ్‌ఫోన్ వాణ్ణే పెట్టుకోమను, పాటలకు బాగుంటుంది.

నాయన ఏమన్నాడో ఇప్పుడు కూడా రాయవద్దు.

శేషప్ప


బేరిగై
12 డిసెంబర్ 2025

శేషాకు,

మీరు క్షేమంగా చేరారని పరిమళ చెప్పింది. మెల్లగానే మాట్లాడింది.

నీకు తెలియని సంగతి ఒకటుంది, అందుకే రాస్తున్నాను. కథ నడుమ నాయన గజ్జెల కాలు ఆపి, నీ వైపు తిరిగి, ‘శేషా, నిదానం. వాన యాడికీ పోదు’ అన్నారు కదా. అప్పుడు నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు. చెవులు మూసిన మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. ‘అట్లే నాయనా’ అన్నావు. నోట్లోనే అనుకున్నాననుకుని ఉంటావు. పాకలో ఆవు కూడా తల తిప్పింది.

ఎవరూ నవ్వలేదు. మీ బావ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అంతవరకూ కాస్త ముందుకు ఉరుకుతున్న నీ చేయి ఆ మాటతో నెమ్మదించింది. యోగేష్ అక్కడి నుంచి టీవీ చూడలేదు. మంగళం దాకా నీ చేయి చూసి తాళం వేశాడు.

వైరు చుట్టి స్తంభానికే తగిలించాను. గోడ మేకులు తీయనివ్వను.

అక్క